చెవి కింద చుక్కలు

జనవరి 9

అక్కా,

నేను క్షేమం. నా నడుం నొప్పి కూడా క్షేమంగానే ఉంది, నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. నువ్వెలా ఉన్నావు? ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని మానేసి ఏడాది కావస్తోంది కదా, పొద్దెలా పోతోంది?

ముందే ఒక మాట. ఈ ఉత్తరాన్ని ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిరిగి పంపకు. నాకు యాభై రెండేళ్ళు. ఈ వయసులో ఇంకా ఏం పరీక్షలు రాస్తున్నానోనని పోస్టుమ్యాన్‌కి అనుమానం వస్తోంది.

రోడ్డు వెడల్పు చేయడంలో నా టైలరింగ్ షాపు పోయిన సంగతి నీకు తెలుసు. యూనిఫారాల ఫ్యాక్టరీలో పనుందన్నారు. వెళ్ళి చూసొచ్చాను. అక్కడ ఒకడు కాలర్లే కుడతాడు, ఇంకొకడు జేబులే కుడతాడు. నాకు కాలర్లు ఇస్తారట. జీవితంలో మళ్ళీ పూర్తి చొక్కా మొహం చూడక్కర్లేదు. సరే, ఇంక ఇంతే అనుకుంటుండగా మ్యూజియం వాళ్ళు పరదాలు కుట్టడానికి పిలిచారు. జంతువులన్నీ గాజుపెట్టెల్లో బతికున్నట్టు నిలబడి ఉంటాయి చూడు, ఆ మ్యూజియమే. పరదా కొలతలు తీస్తుంటే పక్కనే ఒక ఎలుగుబంటి, పొట్ట దగ్గర కుట్టు విడిపోయి లోపలి పీచు బయటికొచ్చి కనబడింది. చూసి ఊరుకోలేకపోయాను. చొక్కా అంచున ఎప్పుడూ గుచ్చుకుని ఉంచే సూది తీసి, అక్కడికక్కడే కుట్టేశాను. వెనక్కి తిరిగితే ఆ జంతువుల్ని తయారుచేసే విభాగం మేడమ్ నిలబడి ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. పనిలో పెట్టుకుంది.

మూడు నెలలు చూస్తామన్నారు. ఏప్రిల్ ఐదున పైవాళ్ళు ముగ్గురు వస్తారు. మొదట్నుంచి చివరిదాకా నా చేత్తో చేసిన జంతువు ఒకటి వాళ్ళకి చూపించాలి. నచ్చితే ఉంటాను. నచ్చకపోతే కాలర్లు.

పని అనుకున్నట్టు లేదక్కా. చచ్చిన జంతువు తోలు తీసి, పాడవకుండా మందు పట్టించి, పీచుతో దారంతో లోపలికి ఒక ఒళ్ళు చేసి, దానికి ఆ తోలు తొడిగి కుట్టాలి. ఇన్నాళ్ళూ ఒంటికి సరిపడా బట్ట కుట్టాను. ఇప్పుడు బట్టకి సరిపడా ఒళ్ళు కుట్టాలి. మా ఆవిడకి ఈ మాట చెబితే, నువ్వు స్నానం చేశాకే భోజనానికి రా అంది.

నాకు మొదటగా ఇచ్చింది ఒక చెవులపిల్లిని. లారీ కింద పడితే మ్యూజియం వ్యాన్ డ్రైవర్ తెచ్చాడు. పాపం, ఒంటి మీద పెద్ద గాయాలేం లేవు. రేపటి నుంచి మొదలు.

నీ బొత్తాం


జనవరి 17

ఒరేయ్ బొత్తాం,

నీ ఉత్తరం అందింది. దిద్ది దీనికి జతచేశాను. పద్నాలుగు తప్పులు. మూడు దీర్ఘాలు, రెండు వత్తులు, మిగతావన్నీ నిర్లక్ష్యం. అయిదేళ్ళప్పుడు బొత్తాం మింగి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన వాడివి, అక్షరాలు మింగడం మాత్రం ఇప్పటికీ మానలేదు.

పైగా నీకు కొట్టేయడం కూడా రాలేదు. తప్పు రాసిన చోట సిరా ముద్ద చేసి పెడతావు, దొంగసొత్తు దాచినట్టు. కొట్టేస్తే ఒకే గీత, తిన్నగా. కింద ఏముందో కనబడాలి. రేపెవరైనా మనసు మార్చుకోవచ్చు. ముప్పై అయిదేళ్ళు ప్రెస్సులో కుర్రాళ్ళకి ఇదే చెప్పాను.

నా పొద్దు గురించి అడిగావు. నాకు క్షణం తీరిక లేదు. మొన్న పాలబూత్ బోర్డు మీద 'పాలు లేవు' అనడానికి 'పాలు లేవ' అని రాసి ఉంటే, సుద్దముక్క అడిగి తీసుకుని నేనే కొమ్ము పెట్టాను. అతను పెద్దగా సంతోషించలేదు. దగ్గుమందు సీసాతో వచ్చే కాగితం మొత్తం దిద్ది కంపెనీకి పంపాను. జవాబు లేదు. బస్సు టికెట్ వెనక కూడా రెండు తప్పులున్నాయి, అది ఎవరికి పంపాలో కనుక్కుంటున్నాను.

ఎదురింటావిడకి నీ కొత్త ఉద్యోగం సంగతి చెప్పాను. చెవులపిల్లిలో ఆవిడకి చివరి పిల్లి ఒక్కటే వినబడినట్టుంది. అప్పట్నుంచి తన పిల్లిని ఇటువైపు రానివ్వడం లేదు. రోజూ వచ్చి నా కుర్చీ కింద పడుకునేది. వచ్చినా రాకపోయినా నాకేం, అడిగావు కాబట్టి రాశాను. అడగలేదా? సరే.

పని పూర్తయ్యాక ఫోటో పంపు. మరదల్ని అడిగానని చెప్పు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, స్నానం చేసే భోజనానికి కూచో.

అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

చెవులపిల్లి పూర్తయింది. నా పరువు కూడా దాంతోపాటే పూర్తయింది.

అయిదు వారాలు చేశాను. దాన్ని బల్ల మీద నిలబెట్టి, పక్కన చేతులు కట్టుకుని నేనూ నిలబడ్డాను. మేడమ్ నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, ఎప్పుడూ గొంతు పెంచదు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"చాలా శుభ్రంగా ఉందండీ," అంది.

నేను పొంగిపోయాను.

"ఇంత శుభ్రంగా ఏ చెవులపిల్లీ ఉండదు. మీరు దీన్ని ఇస్త్రీ చేశారా?"

"పొట్ట మీద కొద్దిగానే మేడమ్. తడిగుడ్డ అడ్డం పెట్టే చేశాను."

పక్క బల్ల మీద కొంగకి కాళ్ళు అతికిస్తున్న ఆయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. నేనేం చేయను అక్కా? కుట్టు అయ్యాక ఇస్త్రీ చేయకుండా బట్ట ఇచ్చిన పాపాన పోలేదు. చెయ్యి దానంతటదే పెట్టె మీదికి పోయింది.

అంతటితో అయిపోలేదు. తోలు ఎక్కడికక్కడ వదులుగా వేలాడుతోందట. లోపలి ఒళ్ళు అర అంగుళం తగ్గించి చేశాను, నిజమే. ఒంటికీ బట్టకీ మధ్య కాస్త గాలాడాలని మా గురువు నేర్పిన పద్ధతి. "అన్నయ్య చొక్కా తొడుక్కున్నట్టుందండీ," అంది మేడమ్. ఆ మాటకి మాత్రం నాకూ నవ్వొచ్చింది.

చివర్లో అసలు దెబ్బ కొట్టింది. పొట్ట కింద నా కుట్టు చూపించి, "ఇది కనబడుతోంది," అంది. కనబడాలనే కదా అంత అందంగా వేశాను! వరసగా, చీమలబారులా. ఇన్నేళ్ళూ నా కుట్టు చూసే జనం నా షాపుకొచ్చారు. "ఇక్కడ కుట్టు కనబడితే జంతువు కనబడదండీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత, మొదటిది ఎవరిదైనా ఇలాగే ఉంటుంది, దీన్నే విప్పి సరిచేయండి, ఏప్రిల్‌కి ఇదే చూపిద్దాం అంది.

ఇంటికొచ్చి అన్నం సయించలేదు. యాభై రెండేళ్ళకి మళ్ళీ కాజాలు కుట్టే పిల్లాణ్ణయిపోయాను. ఫోటో పంపుతున్నాను. నువ్వేమనుకుంటున్నావో నిజం చెప్పు. కొంచెం మెల్లిగా చెప్పు.

బొత్తాం


ఫిబ్రవరి 22

ఒరేయ్ బొత్తాం,

ఫోటో అందింది. మీ మేడమ్ కళ్ళు మంచివి, ఆవిడ చెప్పినట్టు విను.

నాకు తోచినవన్నీ ఫోటో మీదే గుర్తులు పెట్టాను. ఇరవై మూడు. ముందరి కాళ్ళు రెండూ ఒకే కాలులా ఉన్నాయి. మీసాలు ఎడమవైపు తక్కువ. ముక్కు చూస్తే ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంది. మిగతావి నువ్వే చూసుకో.

కుడి చెవి కింద చుక్కలు పెట్టాను. మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు, ఆ చుక్కల సంగతి మాత్రం మర్చిపోకు.

పోస్టు డబ్బా తీసే వేళయింది. ఇవాళ తీరిక లేదు, పాలబూత్ వాళ్ళు కొత్త బోర్డు పెట్టారు.

అక్క


మార్చి 10

అక్కకి,

నీ గుర్తులన్నీ ఒక్కొక్కటీ అమలు చేశాను. పొట్ట విప్పి, ఒళ్ళు అర అంగుళం పెంచాను. తోలు ఇప్పుడు దానికి అతికినట్టుంది. కాళ్ళు వేరువేరుగా పెట్టాను. ముక్కు తడిపి, మెత్తబడ్డాక కోపం తీసేశాను. మీసాలు లెక్కపెట్టి గుచ్చాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను, అది ముందు గుర్తుంచుకో.

చెవి దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. నిజం చెప్పాలంటే, ఆ చెవి అలా ఎలా వచ్చిందో నాకూ తెలీదు. తోలు ఎండేటప్పుడు గుండుసూది జారినట్టుంది, కుడి చెవి కాస్త పక్కకి ఒరిగి ఆగిపోయింది. మొత్తం దాంట్లో నాకు నచ్చింది అదొక్కటే. మేడమ్ కూడా దాన్నేమీ అనలేదు. కానీ నువ్వు దాని మీద గీత గీసి, చాలదన్నట్టు కింద వరసగా చుక్కలు పెట్టావు. పైగా మర్చిపోకు అని రాశావు.

మా షాపులో ఆల్టరేషన్‌కి వచ్చిన బట్ట మీద సుద్దతో చుక్కలు పెడితే ఒకటే అర్థం. ఆ వరసన కుట్టు విప్పెయ్యమని. విప్పేశాను.

ఎండిన తోలుని ముందు తడిపి మెత్తబరచాలి. నాకు తెలుసు. మేడమ్ పదిసార్లు చెప్పింది. కానీ నీ మీద కోపంతో కూచున్నాను, తడపలేదు. బ్లేడు పెట్టగానే చెవి చిట్లింది. బొటనవేలంత చిరుగు. నీ మాటంటే చిన్నప్పట్నుంచీ చెవి కోసుకునేవాణ్ణి కదా, ఈసారి నిజంగానే కోశాను.

పద్నాలుగేళ్ళప్పుడు నీకు మొదటి జాకెట్టు కుట్టి తెచ్చిస్తే, చంక దగ్గర పట్టేస్తోందన్నావు. షాపు పెట్టినప్పుడు వచ్చి, బోర్డు మీద 'టైలర్స్‌' అని ఎందుకు, ఉన్నది ఒక్కడివే కదా అన్నావు. ఇప్పుడు ఇరవై మూడు గుర్తులు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బాగుందని రాయడానికి నీ దగ్గర ఎర్ర పెన్సిల్ తప్ప ఇంకో పెన్సిల్ లేదా అక్కా?

ఇంక నాలుగు వారాలు కూడా లేవు. నిన్న ఫ్యాక్టరీకి వెళ్ళి కాలర్ల పనికి పేరిచ్చి వచ్చాను.

దీన్ని కూడా దిద్ది పంపుతావని తెలుసు. పంపుకో.

తమ్ముడు


మార్చి 16

ఒరేయ్ బొత్తాం,

నీ ఉత్తరం దిద్దలేదు. పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూచున్నాను, చెయ్యి రాలేదు.

తప్పు నాది. ముప్పై అయిదేళ్ళు ఒక్క గదిలో కూచున్నదాన్ని, ఆ గదిలో అందరికీ తెలిసింది లోకమంతటికీ తెలుసనుకున్నాను. మా ప్రెస్సులో ఒక మాటని పొరపాటున కొట్టేశామనుకో. తర్వాత మళ్ళీ చూస్తే అది ఉండాల్సిందే అనిపిస్తుంది. అప్పుడు దాని కింద వరసగా చుక్కలు పెడతాం. దీన్ని ముట్టుకోకు, ఉన్నది ఉన్నట్టు ఉండనీ అని అర్థం. మా పనిలో మెచ్చుకోలుకి ఉన్న గుర్తు అదొక్కటే.

నీ ఫోటో చూడగానే నా చెయ్యి అలవాటు కొద్దీ ఆ చెవి మీద గీత గీసేసింది, రెండు చెవులూ సమానంగా లేవని. గీశాక చూశాను. ఎంతసేపు చూశానో తెలీదు. నాన్న పోయాక, ఒక్కరికే చదువు చెప్పించగలమని అమ్మ అంటే, అక్క చదువుతుందిలే అని నువ్వే బడి మానేసి టైలరు దగ్గర చేరావు. సాయంత్రాలు నేను పాఠం పైకి చదువుతుంటే, నువ్వు కాజాలు కుడుతూ, మొహం బట్ట మీదే పెట్టుకుని, కుడి చెవి మాత్రం నావైపు పడేసి వినేవాడివి. పట్టుబడితే, వినడం లేదు అనేవాడివి. ఆ చెవులపిల్లి అచ్చం అలా వింటోందిరా. అందుకే చుక్కలు పెట్టాను. నీకు నేను పెట్టిన మొదటి చుక్కలు అవే, వాటినే నువ్వు విప్పేశావు.

నీ ఉత్తరాలు దిద్దడం కూడా అక్కడే మొదలైంది. నావల్ల నీకు దక్కని బడిని పోస్టులో పంపుదామనుకున్నాను. తర్వాత అదొక జబ్బయి కూచుంది. ఆ జాకెట్టు చంక దగ్గర పట్టేసిన మాట నిజం. చిరిగిపోయేదాకా నేను అదే తొడుక్కున్నానన్నదీ నిజం. రెండోది నీకు చెప్పాలని నాకెప్పుడూ తట్టలేదు.

సరే, ఏడుపు చాలు. చిరిగింది చెవే కదా, నువ్వు టైలరువి కావా? నా కాలేజీ రోజుల్లో ఒక్కటే మంచి శాలువా ఉండేది, గుర్తుందా? మేకు తగిలి చిరిగితే నువ్వు రఫ్ఫు చేసిచ్చావు. అది ఇంకా నా పెట్టెలో ఉంది. నీ ఉత్తరం చదివాక తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను. తప్పులు పట్టడమే పనిగా బతికినదాన్ని, ఆ చిరుగెక్కడో నాకు ఇప్పటికీ దొరకలేదు. నీకు కనబడని కుట్టు రాదని మీ మేడమ్‌తో ఎవరన్నారు?

ముందు తడుపు. తర్వాత కుట్టు. కోపంగా ఉన్నప్పుడు బ్లేడు ముట్టుకోకు. ఫ్యాక్టరీ వాళ్ళకిచ్చిన పేరు వెనక్కి తీసుకో.

మరదల్ని అడిగానని చెప్పు. చివర్లో ఒక లైను రాసి కొట్టేశాను, పట్టించుకోకు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

ముందు సంగతి, తర్వాత మిగతా సోది. ఉన్నాను! మ్యూజియంలోనే ఉన్నాను. కాలర్లు ఇంకెవరో కుడతారు.

నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దుటే వెళ్ళి మేడమ్‌తో చిరుగు సంగతి చెప్పేశాను. ఎందుకు చిరిగిందో కూడా చెప్పాను, నీ చుక్కలు, నా చుక్కలు, అన్నీ. అంతసేపూ గంభీరంగా విన్నావిడ చివర్లో కళ్ళు తుడుచుకుని నవ్వింది. కుట్టుకుని చూడండి, కుదరకపోతే చెవి కొత్తగా చేద్దాం అంది.

చెవి తడిపి, మెత్తబడేదాకా ఓపిక పట్టాను. చెవి నిలబడ్డానికి లోపల పెట్టిన అట్ట తీశాను. తల వెంట్రుకంత సన్నటి దారంతో, లోపలివైపు నుంచి, రోమం ఎటు వాలితే అటే సూది పోనిస్తూ రఫ్ఫు చేశాను. నాలుగు రోజులు పట్టింది. శాలువాకన్నా కష్టం, శాలువాకి రోమాలుండవు. తర్వాత చెవిని మళ్ళీ అలా ఒరిగించాలి కదా, ఎంత ఒరగాలో ఫోటోలో సరిగ్గా తెలియలేదు. మా ఆవిణ్ణి పక్కగదిలో కూచుని పేపరు పైకి చదవమని, నేను కాజా కుడుతూ విన్నాను. ఎదురుగా అద్దం. నా తల ఎటు వంగుతుందో అప్పుడు తెలిసింది. నువ్వన్నది నిజమే, కుడివైపే. మా ఆవిడ ధరల వార్తలు రెండు పేజీలు చదివింది, ఇంకెప్పుడూ అడగొద్దంది.

మొన్న ముగ్గురూ వచ్చారు. మెచ్చుకుంటారేమో అనుకునేవు. కళ్ళు పిసరంత పెద్దవన్నారు. వెనక పాదం బరువు మోయడం లేదన్నారు. తోక గురించి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. వింతేమిటంటే, ఈసారి అన్నం సయించింది. బాగుపడతాడనుకోని వాడికి అన్ని తప్పులు ఎవరు చెబుతారులే అనిపించింది.

అప్పుడు మేడమ్ వాళ్ళతో, "దీని చెవి చిరిగింది. ఎక్కడో చూసి చెప్పండి," అంది. ఒకాయన భూతద్దం తీశాడు. ఇంకొకాయన వేలితో తడిమాడు. మూడో ఆవిడ ఎడమ చెవిలో చూపించింది. కుడి చెవి అక్కా! మేడమ్ కూడా వంగి చూసి, "కుట్టెక్కడండీ?" అంది నాతో. నేను చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో నా కుట్టు కనబడలేదన్నందుకు సంతోషించింది అదే మొదటిసారి.

వెనక గదిలో చిరిగిపోయిన పాత జంతువులు నలభై దాకా ఉన్నాయి. చేసేవాళ్ళు లేక అలా పడేశారు. అవన్నీ ఇక నావి. చెవులపిల్లిని ముందు హాల్లో, తలుపు పక్కన పెట్టారు. వచ్చేవాళ్ళ మాటలు వింటున్నట్టుంది.

ఇంకో సంగతి. ఇక్కడ ప్రతి గాజుపెట్టె ముందూ ఒక అట్ట ఉంటుంది, జంతువు పేరూ వివరమూ రాసి. నాకే రెండు మూడు తప్పులు కనబడ్డాయంటే నీకెన్ని కనబడతాయో ఊహించుకో. రెండొందల అట్టలు. మేడమ్‌తో నీ గురించి చెప్పాను. ఆవిడెప్పుడొస్తారు అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు నీ ఉత్తరం. చివరి లైను పట్టించుకోవద్దన్నావు. ఒకే గీత కొట్టావు, తిన్నగా. కింద ఏముందో కనబడాలని నువ్వే కదా నేర్పావు. కనబడింది. 'ఇక్కడ నాకేమీ తోచడం లేదురా, నీ దగ్గరికొచ్చి కొన్నాళ్ళు ఉండనా?'

తీరిక లేదు, తీరిక లేదు అని రాస్తుంటే నిజమేననుకున్నాను. అంత వినేవాణ్ణని పేరు తెచ్చుకుని, అదొక్కటి వినలేకపోయాను. ముందు గదిలో కిటికీ పక్కన మా ఆవిడ మంచం వేసింది. పెన్సిళ్ళు ఎక్కువే తెచ్చుకో.

నీ ఉత్తరం దీంతోపాటు తిరిగి పంపుతున్నాను. ఆ లైను కింద చుక్కలు పెట్టాను. నా దగ్గర ఎర్ర పెన్సిల్ లేదు, ఎర్ర దారంతో కుట్టాను. ఈ చుక్కలకి మీ ప్రెస్సులో అర్థమే.

విప్పకు.

నీ బొత్తాం